ఏఎంసీ వార్డులో పత్తి ఏరిన రాత్రి

మొన్న నర్సంపేటలో అన్నయ్యతో కలిసి ఎరువుల షాపుకి వెళ్లాను. మిరపతోటకి ఏదో మందు కావాలట ఆయనకి. నేను ఊరికే తోడు. షాపు కుర్రాడు వెనక గదిలోంచి అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల ఏదో సీసా మూత సరిగ్గా బిగియలేదేమో, పెట్టె అడుగు తడిసిపోయి ఉంది. గుప్పున వెల్లుల్లి ఘాటు. వంటింట్లో వచ్చే వాసన వేరు, ఇది వేరు. దీనికి కిరోసిన్ కలిసిన ఘాటు ఒకటి తోడై గొంతులోకి దిగుతుంది, ఒకసారి పడితే సాయంత్రం దాకా వదలదు.

అన్నయ్య ధర బేరమాడుతున్నాడు. నేను షాపు కుర్రాడి కళ్లలోకి చూస్తున్నాను, కంటిపాపలు సన్నబడ్డాయా అని.

"ఏంది మేడం, గట్ల చూస్తున్నరు?" అన్నాడు పాపం.

"ఏం లేదు బాబూ. ఆ పెట్టె బయట పెట్టి చేతులు సబ్బుతో కడుక్కో."

కారెక్కాక అన్నయ్య నవ్వాడు. "నువ్వు రిటైరైనా డ్యూటీ దిగవు" అన్నాడు. రిటైర్మెంట్‌కి ఇంకా టైముంది గానీ మాట నిజమే. ఆ వాసన తగిలితే నేను మళ్లీ ఏఎంసీ, అంటే అక్యూట్ మెడికల్ కేర్ వార్డు తలుపు దగ్గరే ఉంటాను.

* * *

వరంగల్‌లో చదువుకున్నాను. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో పెట్టింది. క్లినిక్స్ అన్నీ ఎంజీఎం ఆసుపత్రిలో. ఊళ్ల వాళ్లకి అది పెద్దదవాఖాన. వరంగల్ జిల్లావాళ్లే కాక కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ వైపు నుంచి, గోదావరి అవతల మహారాష్ట్ర అంచు ఊళ్ల నుంచి కూడా వచ్చేవారు. 108 అంబులెన్సులు 2005లో గానీ మొదలు కాలేదు. అంతకుముందు ట్రాక్టరో, జీపో, ఆర్టీసీ బస్సు వెనక సీటో. రాత్రిపూట గేటు దగ్గర ట్రాక్టర్ ఇంజిన్ ఆగిన చప్పుడు వినబడితే క్యాజువాలిటీలో కునుకు తీస్తున్నవాళ్లం కూడా లేచి నిలబడేవాళ్లం. ట్రాక్టర్ వచ్చిందంటే ఊరు కదిలొచ్చినట్టు. ఊరు కదిలిందంటే కేసు సీరియస్.

అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, కాల్ బుక్ ఉండేది. వార్డులో ఎవరికైనా ఉన్నట్టుండి బాగాలేకపోతే సిస్టర్ ఆ పొడుగాటి పుస్తకంలో మంచం నంబరు, టైము రాసి వార్డ్ బాయ్‌కి ఇచ్చేది. అతను హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ వరండాలన్నీ దాటి వచ్చి డ్యూటీ రూమ్ తలుపు కొట్టేవాడు. ఎదురుగా సంతకం పెట్టి, టైము వేసి, పరుగెత్తాలి. నడక చప్పుడును బట్టే ఎంత అర్జెంటో తెలిసిపోయేది. మెల్లగా వస్తే సెలైన్ సూది జారి ఉంటుంది. పరుగున వస్తే ప్రాణం మీదికొచ్చి ఉంటుంది.

ఇక ఆవరణ సంగతి. చెట్ల కింద మూడు రాళ్ల పొయ్యిలు, కంచె మీద ఆరేసిన చీరలు, సద్ది మూటలు, రాత్రయితే గోడల వెంట వరసగా చాపలు. ప్రతి రోగి వెనకా ఇద్దరు ముగ్గురు. మేం కేస్ షీట్ రాసేటప్పుడు పేరు, ఊరు అయ్యాక అడిగే ప్రశ్న, "వెంట ఎవరొచ్చిండ్రు?" ఎవరూ రాలేదంటే సిస్టర్ ముఖం మారిపోయేది. సిస్టర్ ఒక్కతి, మంచాలు నిండా, మంచాల మధ్య కింద కూడా. రోగిని పక్కకి తిప్పాలన్నా, రక్తం బాటిల్ తేవాలన్నా, రాత్రి మూడింటికి "సెలైన్ అయిపోయింది" అని చెప్పాలన్నా ఆ వెంట వచ్చిన మనిషే. అప్పట్లో ఏ పెద్దాసుపత్రి అయినా అట్లాగే నడిచేది. చుట్టం కూడా వైద్యంలో ఒక భాగం. మా టెక్స్ట్‌బుక్ రాసినవాళ్లకి ఈ సంగతి తెలియదు.

* * *

నేను హౌస్ సర్జన్‌గా, అంటే ఎంబీబీఎస్ చివర వార్డుల్లో పని నేర్చుకుంటూ ఉన్నది పత్తి పోయిన కాలం. 1997-98. లద్దెపురుగు పడింది, అదనుగాని వానలు పడ్డాయి, ఎన్నిసార్లు మందు కొట్టినా పురుగు చావలేదు. విత్తనం ఇచ్చినవాడే మందు ఇచ్చాడు, మందు ఇచ్చినవాడే అప్పు ఇచ్చాడు. వరంగల్ పత్తి రైతుల గురించి దేశమంతా పత్రికల్లో రాశారు. మాకు పత్రిక తిరగేసే తీరికెక్కడిది! ఏఎంసీలో ఒకరిని పక్క వార్డుకి మార్చేలోపే ఇంకొకరు ట్రాలీ మీద ఎదురుచూస్తుండేవారు.

వచ్చినవాళ్లు మొదట అబద్ధం చెప్పేవారు. "మందు కొడుతుంటే గాలికి ముక్కులకు పోయింది సారూ." "కల్లనుకొని తాగిండు." "చీకట్ల దగ్గు మందనుకున్నడు." ఆత్మహత్యాయత్నం అప్పుడు నేరం. సెక్షన్ 309. మెడికో లీగల్ కేసు రాయాలి, ఔట్‌పోస్టు కానిస్టేబుల్‌కి కబురు పంపాలి. చావు బతుకుల మీదున్న మనిషికి పోలీసు కేసు ఏంటని వాళ్ల భయం. మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చాక గానీ ఆ భయానికి చట్టంలో జవాబు దొరకలేదు. మాకేమో నిజం కావాలి. ఏ మందు, ఎంత, ఎప్పుడు, అన్నం తిన్నాక తాగాడా ముందా. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు అయితే ఎట్రోపిన్ అనే విరుగుడు ఇవ్వాలి, ఎండోసల్ఫాన్ అయితే ఫిట్స్ వస్తాయి, దానికి ఎట్రోపిన్‌తో పనిలేదు. అందుకే సీనియర్లు నేర్పిన మొదటి పాఠం, రోగి కంటే ముందు వెంట వచ్చినవాళ్లలో ఆడమనిషి ఎవరో చూసి, ఆమెను పక్కకి తీసుకెళ్లి అడగమని.

ఆ రాత్రి వచ్చినామెను పక్కకి తీసుకెళ్లాల్సిన పని పడలేదు. ట్రాక్టర్ దిగి, కొంగు ముడి విప్పి, అందులోంచి సీసా తీసి నా చేతిలో పెట్టింది.

"మందు తాగిండు బిడ్డా. అబద్ధమెందుకు? పొద్దుగూకినా ఇంటికి రాలే. చేన్లకు పోయి చూస్తే గట్టు మీద పడున్నడు. నిన్న కొత్త సీస తెచ్చిండు. గింత మిగిలింది." చూపుడువేలు సీసాకి అడ్డంగా ఆనించి చూపించింది. ఒక వేలు మందం మిగిలింది. మిగతాదంతా ఆయన కడుపులో కొంత, గట్టు మీద వాంతిలో కొంత.

మనిషికి నలభై ఉంటాయి. నోటి నిండా నురగ, ఒళ్లంతా చెమట, ఛాతీలో నీళ్లు మరుగుతున్న చప్పుడు, కంటిపాపలు సూదిమొనంత. బట్టలు కత్తిరించి తీసేశాం. ఒళ్లు సబ్బుతో కడిగాం, విషం చర్మంలోంచి కూడా ఎక్కుతుంది కాబట్టి. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగాం. నీళ్లు పోయడం, వంచడం, మళ్లీ పోయడం. బకెట్లోంచి లేచే ఆ వెల్లుల్లి ఘాటు మా ఏప్రన్లకి, జుట్టుకి పట్టేది. హాస్టల్‌కి వెళ్లి తలంటు పోసుకున్నా పోయేది కాదు. మెస్‌లో మా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, నవ్వుతూనే లెండి.

ఎట్రోపిన్ ఆంపుల్ ఒక్కోటి 0.6 మిల్లీగ్రాములు. పది విరిస్తే ఆరు మిల్లీగ్రాములు. అలాంటి కేసుకి మొదటి గంటలోనే ఎన్ని పదులు పట్టేవో! సిస్టర్ పల్చటి రంపపు బిళ్లతో ఆంపుల్ మెడ మీద గీత గీసేది, నేను దూది అడ్డం పెట్టి టిక్కుమని విరిచేదాన్ని. ఒకసారి విరిచాక సిరంజిలోకి లాగడం, ఎక్కించడం, అయిదు నిమిషాలు ఆగడం. టార్చి వేసి కంటిపాప చూడు, నాడి చూడు, స్టెతస్కోప్ వీపు కింద పెట్టి ఊపిరితిత్తుల అడుగు విను, చంకలో వేలు పెట్టి తడి ఆరిందా చూడు. ఆరకపోతే డోసు రెట్టింపు. కిడ్నీ ట్రే నిండా గాజు మెడలు. బొటనవేలికి దూది చుట్టుకున్నా తెల్లారేసరికి సన్న గాట్లు తేలేవి, వాటిలోకి స్పిరిట్ దిగి చురుక్కుమనేది.

అర్ధరాత్రి దాటాక ఛాతీ శుభ్రపడింది. నాడి వంద దాటింది. ఒళ్లు పొడిబారింది. పీజీ అన్న, అంటే పైచదువు చదువుతున్న మా సీనియర్ డాక్టరు, టార్చి జేబులో పెట్టుకుని టీకి వెళ్లాడు.

ఇక అప్పుడు మంచం మీది మనిషి పని మొదలుపెట్టాడు.

ముందు ఎడమ చెయ్యి లేచింది. గాలిలో ఏదో పట్టుకుని నెమ్మదిగా వంచింది. తర్వాత కుడిచేతి మూడు వేళ్లు దగ్గరికొచ్చి, దాని మీంచి ఏదో గిల్లి, మెలితిప్పి లాగి, పొట్ట దగ్గర పడేశాయి. మళ్లీ ఎడమ చెయ్యి ఇంకో కొమ్మ వంచింది. కళ్లు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు. ఎట్రోపిన్ మోతాదు నిండితే ఇట్లా భ్రాంతి వస్తుందని చదువుకున్నాను. గాలిలో దేన్నో ఏరతారని, దుప్పటి పీకుతారని పుస్తకంలో ఉంది. ఏం ఏరతారన్నది లేదు.

"ఏందమ్మా గది?" అంది ఆయన భార్య, లేచి.

మందు వల్ల వచ్చేదే, తగ్గుతుంది, భయపడకు అని చెప్పబోయాను. ఆమె నా మాట వినడం లేదు. ఆయన చేతుల వైపే చూస్తోంది. కొంచెంసేపు చూసి, మంచం మీదికి వంగి, తన చీర కొంగు విప్పి ఆయన పొట్ట మీద పరిచింది. చేన్లో ఏరేటప్పుడు నడుముకి ఒడి కట్టుకుంటారు కదా, అట్లా రెండంచులు పైకి పట్టుకుంది. ఆయన ఏరింది ఏరినట్టు అందులో వేస్తున్నాడు. ఒక సాలు అయిందేమో, చేతులు కాస్త పక్కకి జరిగాయి. కొంగు కూడా ఆ పక్కకి జరిగింది.

చాలాసేపటికి నా వైపు తిరిగి అంది. "ఈ ఏడు చేన్ల గింత పత్తి ఏర్లే బిడ్డా."

సిస్టర్ కేరళ ఆమె. తెలుగు అంతంతమాత్రం. ఆ ఒక్క మాట ఆమెకీ అర్థమైంది. లేచి మందుల గదిలోకి వెళ్లిపోయింది.

* * *

మర్నాడు ఆయన మాట్లాడాడు, మంచినీళ్లు అడిగాడు. ఊరివాళ్లు కొందరు వెళ్లిపోయారు. మూడో రోజు రౌండ్స్‌లో పీజీ అన్న, "దిండు మీంచి తల లేపు" అన్నాడు. లేవలేదు. ఆ మాట ప్రతి రౌండ్స్‌లో ప్రతి విషం కేసునీ అడిగేవాళ్లం. మొదటి ప్రమాదం గడిచాక, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య మెడ కండరాలు సడలి, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. శ్రీలంక డాక్టర్లు ఇద్దరు 1987లో దీన్ని వివరించి ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. దీనికి మందు లేదు. కండరాలకి మళ్లీ బలం వచ్చేదాకా ఆయన ఊపిరి ఇంకెవరో తీసిపెట్టాలి.

జిల్లాల్లో అప్పుడు వెంటిలేటర్లు ఎక్కడైనా వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. గొంతులోకి ట్యూబ్ వేసి, చివర అంబు బ్యాగ్, అంటే చేత్తో నొక్కి ఊపిరి ఎక్కించే సంచి తగిలించి, పక్కనున్నవాళ్లకి నేర్పేవాళ్లం. ఇట్లా రెండు చేతులతో పట్టు. నొక్కు. ఛాతీ లేచిందా? వదులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ నొక్కు. నిద్ర వస్తే పక్కవాళ్లని లేపు, చెయ్యి మాత్రం ఆపకు.

ఆయన తమ్ముడు మొదట కూర్చున్నాడు. గంటకల్లా వేళ్లు వణికిపోయాయి. వాకిట్లోకి వెళ్లి ఏం మాట్లాడాడో, సాయంత్రానికి ఊళ్లోంచి ఇంకో ట్రాక్టర్ వచ్చింది. వాళ్లే వంతులు వేసుకున్నారు, చెరువు నీళ్లకి వేసుకున్నట్టు. ఇద్దరు నొక్కడానికి, ఒకడు నిద్రపోనీకుండా మాట్లాడటానికి, మిగతావాళ్లు వరండాలో పడుకోవడానికి. వాళ్లలో డప్పు కొట్టే ఆయన ఒకడుండేవాడు. నడివయసు మనిషి, సన్నగా, మాట తక్కువ. ఆయన వంతులో మేం లెక్క చూడాల్సిన పనే ఉండేది కాదు. మిగతావాళ్లు కంగారు పడితే గబగబా నొక్కేవారు, నిద్రొస్తే ఎడం పెరిగేది. ఆయన చేతిలో మాత్రం దెబ్బ తప్పేది కాదు. పీజీ అన్న గడియారం పెట్టి చూశాడొకసారి. నిమిషానికి పద్నాలుగు, మళ్లీ చూస్తే పద్నాలుగే. "నువ్వు ఇక్కడే ఉద్యోగంలో చేరు" అన్నాడు. ఆయన నవ్వలేదు. "మాట్లాడియ్యకు సారూ, లెక్క పోతది" అన్నాడు.

ట్యూబ్ ఉంటే మాట రాదు. భార్య ఆయన అరచేతిలో వేలు పెట్టేది. ఆయన నొక్కితే దాహం, గోకితే నొప్పి. ఇది మేం నేర్పింది కాదు. ఎప్పుడు కుదుర్చుకున్నారో తెలియదు. మేం కూడా ఆమెనే అడిగేవాళ్లం, ఏమంటున్నాడని.

తల లేపిన రోజు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. డప్పు ఆయన వంతే నడుస్తోంది. దిండుకీ తలకీ మధ్య నా చెయ్యి పట్టేంత సందు వచ్చింది. ఒక లెక్క, రెండు లెక్కలు అట్లా పట్టుకుని, మళ్లీ వాలిపోయాడు. "మల్ల లేపురా" అన్నాడు డప్పు ఆయన, చెయ్యి ఆపకుండానే.

డిశ్చార్జి చీటీ రాస్తూ, ఈసారి ఏం వేస్తారు అని అడిగాను ఏదో అనాలి కాబట్టి. మక్కజొన్న అన్నాడాయన గొంతు బొంగురుగా. పత్తే అంది భార్య. అక్కడే గొడవ పడ్డారు.

* * *

అందరూ తల లేపలేదు. ఒక తండ్రి గుర్తున్నాడు. ఇంటర్ చదివే కూతురు. పిల్ల ఎందుకు తాగిందో మాకు చెప్పలేదు, మేం గుచ్చి అడగలేదు. తండ్రి ఎవరినీ బ్యాగ్ ముట్టుకోనివ్వలేదు. రాత్రీ పగలూ ఆయనే. గుండె ఆగిపోయింది, మేం చేయాల్సినవన్నీ చేశాం, ఈసీజీలో గీత సాపైంది. మేమందరం చేతులు తీసేశాం. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. నొక్కితే ఛాతీ లేస్తోంది కదా, ఆయన కంటికి కూతురు ఊపిరి తీస్తూనే ఉంది. చాలని ఎవరు చెప్పాలి? మా పీజీ అన్న స్టూల్ లాక్కుని ఆయన పక్కన కూర్చుని, తన చేతులు ఆయన చేతుల మీద వేసి, కొంచెంసేపు ఆయనతో పాటే నొక్కాడు. తర్వాత మెల్లగా వేగం తగ్గించాడు. తర్వాత ఆపాడు.

ఆ పీజీ అన్న ఇప్పుడు అమెరికాలో ఇంటెన్సివిస్టు, ఐసీయూ డాక్టరు. ఎన్నో యంత్రాల మధ్య పని చేస్తాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఏవేవో మాట్లాడుకుంటాం, ఈ ఒక్కటి తప్ప.

* * *

కొంచెం నవ్వుకునే సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆ వార్డులకి అన్యాయం చేసినట్టవుతుంది.

మేల్ మెడికల్ వార్డులో ఒకాయన ఉండేవాడు. సైకిల్ మెకానిక్. చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటం ముడుచుకుపోయింది, మైట్రల్ స్టెనోసిస్. దమ్ము ఎక్కువైనప్పుడల్లా వచ్చి చేరేవాడు, కాస్త తేరుకుంటే వెళ్లేవాడు. ఇరవై ఒక్క రోజులకోసారి పెనిసిలిన్ సూది, దానికి మాత్రం క్యాలెండర్ చూడకుండా వచ్చేవాడు. ఎన్ని బ్యాచ్‌లు ఆయన గుండె మీద స్టెతస్కోప్ పెట్టి నేర్చుకున్నాయో! వార్డంతా ఆయన్ని ప్రొఫెసర్ సాబ్ అనేవాళ్లు.

నేను థర్డ్ ఇయర్‌లో మొదటిసారి ఆయన దగ్గర నిలబడ్డప్పుడు నాకేమీ వినబడలేదు. లబ్‌డబ్ అంటోంది, అంతే. సార్ అవతలి మంచం దగ్గరున్నారు. ఆయన మెల్లగా అన్నాడు, "బిళ్ల కాదు బిడ్డా, గంట పెట్టు." స్టెతస్కోప్‌ని గంట వైపు తిప్పాను. "గట్టిగ ఒత్తకు. నేను ఎడమ దిక్కు తిరుగుత. దమ్ము బయటికి ఇడిసి ఆపుత. అప్పుడు ఇను." తిరిగాడు, ఊపిరి వదిలాడు, ఆపాడు. అంతవరకూ లేని గుర్రుమనే లోతు చప్పుడు ఒకటి గుండె చప్పుళ్ల మధ్యలో దొర్లింది. నా ముఖం చూసి, "దొరికిందా?" అన్నాడు. "దాని పేరు మాత్రం నేను చెప్ప. మీ సార్ తిడతడు."

ఆయనకి వెంట ఎవరూ ఉండేవారు కాదు. భార్య పోయింది, కొడుకు బొంబాయిలో బట్టల మిల్లు పనికని వెళ్లి ఉత్తరాలు మానేశాడు. అట్లాంటి మనిషి, తనకి దమ్ము లేని రోజుల్లో, వెంట ఎవరూ రాని రోగుల పక్కన కూర్చునేవాడు. రోడ్డు పక్కన పడి ఉంటే కానిస్టేబుల్ తెచ్చి పడేసిన మనుషులు, కేస్ షీట్ మీద పేరు దగ్గర 'అన్‌నోన్' అని ఉండేవాళ్లు. వాళ్లకి నీళ్లు పట్టేవాడు, సెలైన్ చూసేవాడు. ఏదో ఒక పేరు పెట్టి పిలిచేవాడు కూడా. "పేరు లేకుంటే ఎట్ల పలుకుతడు?" అనేవాడు.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రికి పంపితే ఆపరేషన్ చేసి కవాటం వెడల్పు చేశారు. నెలలు గడిచాక ఓపీకి వచ్చాడు. ఒళ్లు చేసి, గడ్డం గీసుకుని, సైకిల్ తొక్కుకుంటూ. ఛాతీ మీది గీత చూపించాడు. కొత్త బ్యాచ్ పిల్లలు ముగ్గురు స్టెతస్కోప్‌లు తీశారు. వాళ్లని చూసి ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఇంక నా దగ్గర ఇననీకి పెద్దగ ఏం మిగల్లే బిడ్డా" అన్నాడు.

* * *

చదువయ్యాక ఏటూరునాగారం వైపు ఒక పీహెచ్‌సీలో వేశారు. అడవి, వాగులు, మలేరియా. మేడారం జాతర వచ్చిందంటే పది రోజులు క్యాంపు డ్యూటీ, జంపన్న వాగు ఒడ్డున టెంటులో కూర్చుని విరేచనాలకి సెలైన్లు, తలపగిలినవాళ్లకి కుట్లు. అది వేరే కథ, ఇంకెప్పుడైనా.

వానాకాలం ఒక సాయంత్రం నలుగురు కోయలు నులకమంచం భుజాల మీద మోసుకుని వచ్చారు. మీద ఒక పిల్లవాడు, పక్కన ముసలి తాత. వాగు పొంగితే చుట్టూ తిరిగి నడిచొచ్చారు. పిల్లవాడికి స్పృహ లేదు. రక్తం స్లైడ్ చూస్తే ఫాల్సిపారం మలేరియా క్రిముల ఉంగరాలు ఫీల్డ్ నిండా. మెదడుకెక్కిన మలేరియా. వరంగల్ పంపడానికి దారి లేదు. క్వినైన్ గ్లూకోజ్ సెలైన్‌లో కలిపి నాలుగు గంటలు నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే గుండెకి ముప్పు. మలేరియా వల్లా మందు వల్లా కూడా చక్కెర పడిపోతుంది, అందుకే గ్లూకోజ్. చుక్కలు లెక్కపెట్టడానికి కూర్చున్నాను. తాత కూడా కూర్చున్నాడు. ఏఎన్ఎం ఆయనకి కోయ భాషలో చెప్పింది, చుక్క ఇంత ఎడంగా పడాలి, గబగబా పడితే డాక్టరమ్మను లేపమని. ముసలాయన నా వాచీ అడగలేదు. తన నాడి మీద వేలు పెట్టుకుని, దానికి ఇన్ని అని ఏదో లెక్క కుదుర్చుకున్నాడు. రాత్రి రెండుసార్లు లేపాడు నన్ను. రెండుసార్లూ ఆయన చెప్పింది నిజం.

రెండో రోజుకి పిల్లవాడు కళ్లు తెరిచి చెవుల్లో తుమ్మెదలు ఉన్నాయని ఏడ్చాడు. క్వినైన్ పడితే చెవులు హోరెత్తుతాయి. నాకు అంత సంతోషం కలిగించిన ఏడుపు ఇంకోటి లేదు. మోసుకొచ్చిన నలుగురూ అన్ని రోజులూ ఆవరణలో ఇప్పచెట్టు కిందే ఉన్నారు. పనులు మానుకుని ఎందుకున్నారు, ఒకరుంటే చాలదా అని ఏఎన్ఎంని అడిగించాను. మంచం మోయడానికి నలుగురు కావాలి కదా అన్నారు. ఆ ప్రశ్న వాళ్లకి వింతగా అనిపించింది. తిరిగి వెళ్తూ నాకు రెండు సొరకాయలు ఇచ్చారు, ఒకటి ఏఎన్ఎంకి.

* * *

ఇప్పుడు నేను పని చేసే చోట ఐసీయూకి అద్దాల తలుపులు. లోపల మంచానికో వెంటిలేటర్, మానిటర్. అంబు బ్యాగ్ రాత్రుల్ని నేను తిరిగి కోరుకోను. ఆ బ్యాగ్ నొక్కే మనిషికి నిద్రొచ్చి పోయిన ప్రాణాలు నాకు తెలుసు. యంత్రానికి నిద్ర రాదు. కాకపోతే చుట్టాలు ఇప్పుడు బయట, చేతిలో పాసుతో, టీవీలో టోకెన్ నంబర్ చూస్తూ. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు. కేస్ షీట్‌లో "వెంట ఎవరు వచ్చారు" అన్న చోట ఒక మొబైల్ నంబర్ ఉంటుంది.

ఎండోసల్ఫాన్ 2011లో ఆగింది. ఎట్రోపిన్ ఆంపుల్స్ నాలాగా విరిచినవాళ్లు తగ్గిపోతున్నారు. ఆ పురుగుమందుల స్థానంలో గడ్డిమందు వచ్చింది, పారాక్వాట్. ఒక గుక్క చాలు. విరుగుడు లేదు. ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా తొందరగా గట్టిపడతాయి, కాబట్టి అదీ ఆచితూచి. అన్నిటికంటే కష్టమేంటంటే మనిషి పూర్తి స్పృహలో ఉంటాడు. నోట్లో పుండ్లతో, కూర్చుని, మాట్లాడుతూ, ఫోన్ చూసుకుంటూ. మొదటి రెండు రోజులు ఇంట్లోవాళ్లకి నమ్మకమే కలగదు. "బాగనే ఉన్నడు కద మేడం" అంటారు. మూత్రపిండాలు, తర్వాత ఊపిరితిత్తులు. అంతదాకా మిగిలే ఆ కొన్ని రోజుల్లో మేం ఇవ్వగలిగింది తక్కువ. పక్కన కూర్చునే మనిషి ఇవ్వగలిగింది ఎక్కువ. ఒక తల్లి కొడుకుతో రోజంతా వాళ్ల బర్రె ఈనిన సంగతి మాట్లాడింది. ఒకడు భార్యకి ఏటీఎం పిన్, అప్పుల లెక్కలు నోటు పుస్తకంలో రాయించాడు, మధ్య మధ్య ఇద్దరూ తిట్టుకున్నారు కూడా.

అందుకని మా యూనిట్‌లో గడ్డిమందు కేసు పక్కన ఒక స్టూల్ వేయిస్తాను. ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి లోపల ఉండొచ్చు, చేతులు కడుక్కుని, గౌన్ వేసుకుని. దీనికి రాతపూర్వకంగా ఆర్డర్ ఏదీ లేదు. సెక్యూరిటీ సూపర్‌వైజర్ కొత్తగా వచ్చినప్పుడల్లా స్టూల్ బయట పెట్టిస్తాడు, నేను లోపల పెట్టిస్తాను. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ వాళ్లకి ఒకసారి కాగితం మీద వివరణ కూడా ఇచ్చాను. పోయిన వారం మళ్లీ గొడవైంది. స్టూల్ ప్రస్తుతానికి లోపలే ఉంది.